వేకువ, గడియారము, మన ఇల్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచినవారు విషయమును మా ఇష్టానికే వదిలారు. సాహిత్యము మీద మాట్లాడడానికి మాకన్న పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. పిల్లల తెలుగు చదువు గురించి కార్యదర్శిగారు యేటేటా చెబుతూనే ఉన్నారు. అందుచేత మేము ఒక చిన్న సంగతి యెత్తుకొంటున్నాము. ముంబయిలోని మన ఇళ్ళలో రోజూ తెల్లవారేవేళ జరిగే యుద్ధము, అనగా వేళకు నిద్ర లేవడము. ఉగాదినాడు తలంటు పేర అందరమూ చీకటితోనే లేస్తాము. తక్కిన 364 రోజుల మాటేమిటి?

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. కాని ఆ నిద్రపోయేవాడికి మనము పెట్టే పేర్లు వినండి. మొద్దు, సోమరి, కుంభకర్ణుడు. పదిహేనేళ్ళ కుర్రవాడు రోజూ ఈ నామావళి వింటూనే పళ్ళు తోముకొంటాడు. లేవలేకపోవడము గుణదోషమని మనము యెప్పుడో తీర్పు చెప్పేశాము. ఆ తీర్పును ఒకసారి తిరగవేసి చూడమని మా మనవి.

ముందు సూర్యుడి సంగతి చూద్దాము. దేశమంతటికీ గడియారము ఒకటే. అది నడిచేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి. ఆ రేఖ మన కాకినాడకు, యానాముకు చేరువగానే పోతుంది. ముంబయి 73 డిగ్రీలకు ఇంకా పడమట ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషములు పడుతుంది. లెక్క వేసుకోండి. మార్చి చివర కాకినాడలో దాదాపు ఆరింటికి పొడిచే సూర్యుడు ఇక్కడ ఆరున్నర దాటితే గాని కనబడడు. తేడా సుమారు 38 నిమిషములు. కరీంనగరు, నిజామాబాదు వైపునుండి వచ్చినవారికి ఈ తేడా 20 నుండి 25 నిమిషములు. గోదావరి ఒడ్డున అయిదింటికి లేచిన తాతగారు, పొద్దును బట్టి చూస్తే, ఇక్కడి 5 గంటల 38 నిమిషములకు లేచినట్లు. తాతను చూసి నేర్చుకోమని మనవడిని కోప్పడేవారు ఆ 38 నిమిషములూ తీసివేసి కోప్పడవలెను.

పంచాంగమైనా అంతే. అందులోని సూర్యోదయము యే ఊరికి గణించినదో చూసి, ఇక్కడికి సవరించుకోవాలి. బ్రాహ్మీ ముహూర్తము సూర్యోదయానికి 96 నిమిషముల ముందు మొదలై 48 నిమిషములు ఉంటుంది. అది సూర్యుడితో లెక్క, గోడగడియారముతో కాదు. యేడాది పొడుగునా నాలుగింటికే లేవమని పెద్దలు యెక్కడా చెప్పలేదు.

ఈ నిమిషముల కోసము ఈ ఊరు ఒకప్పుడు పట్టుబట్టి కూర్చున్నది. 1906 జనవరి 1న ప్రభుత్వము కొత్త కాలమానము పెట్టినప్పుడు బొంబాయి గడియారములను 39 నిమిషములు ముందుకు తిప్పవలసి వచ్చినది. దాని అర్థము పెద్దమనుషులకన్న ముందు మిల్లు కార్మికులకు తెలిసినది. పొద్దు పొడిచేది ఆ వేళకే, పనిలోకి పిలుపు మాత్రము ముందుగా! ఆ జనవరిలోనే ఒక బట్టలమిల్లులో కార్మికులు ఎదురు తిరిగారు. నగరపాలక సంస్థ కూడ పాత బొంబాయి కాలమునే పట్టుకొన్నది. సర్కారు గడియారము ఒకటి, ఊరి గడియారము ఒకటి. ఈ జంట కాపురము 1955 దాకా సాగినది. నేడు ఆ 39 నిమిషముల మాట యెవరికీ గుర్తు లేదు. మన కనురెప్పలకు మాత్రము గుర్తున్నది.

మిల్లుల మాట వచ్చినది కనుక భోంగా సంగతి చెప్పక తప్పదు. వర్లీ, ప్రభాదేవి, నాయ్‌గాఁవ్ ప్రాంతములలో పెరిగిన మనవారికి భోంగా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అది మిల్లు కూత. ఆ కూతకు చాల్ మొత్తము ఒక్కసారి లేచేది. ఒక తలుపు తెరుచుకొంటే పది తలుపులు తెరుచుకొనేవి. ఆ రోజులు బంగారమని కొందరు అంటారు. మేము అనము. ఆలస్యమైతే గేటు దగ్గర కాచుకొన్న బద్లీ మనిషికి ఆనాటి పని పోయేది. కూలీ పోయేది. వారిని లేపినది భయము. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత ఆ కూతలు ఒకటొకటిగా ఆగిపోయినవి. ఇప్పుడు యెవరి భోంగా వారి తలగడ కింద ఉన్నది.

ఇక శరీరములోని గడియారము. మెదడు అడుగున, రెండు కళ్ళ నరములు కలిసే చోటికి కొంచెము పైన, బియ్యపుగింజంత జాగాలో అది ఉన్నది. దాని చుట్టు 24 గంటలకన్న కొద్ది నిమిషములు యెక్కువ. అందుచేత రోజూ వెలుగు చూపించి దానిని సరిచేయాలి. పొద్దుటి వెలుగు దానిని ముందుకు తెస్తుంది, రాత్రి వెలుగు వెనక్కి నెడుతుంది. జీవకణములలో ఈ గడియారము నడిచే తీరును పండ్లమీద ముసిరే చిన్న ఈగలలో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చినది. పన్నెండు పదమూడేళ్ళు దాటిన పిల్లలలో ఈ గడియారము తనంతట తానే వెనక్కి జరుగుతుంది. రాత్రి పదకొండయినా వారికి నిద్ర రాదు. ఆ వయసుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. పదకొండింటికి పడుకొన్నవాడిని అయిదున్నరకు లేపితే దక్కినది ఆరున్నర గంటలు. జనవరిలో ఇక్కడ 7 గంటల 10 నిమిషములు దాటితే గాని సూర్యుడు రాడు. బడి గంట 7కే కొడతారు. వెలుగు చూడకముందే పిల్లవాడు బెంచీ మీద కూర్చుంటాడు. వాడు సోమరి యెట్లా అవుతాడు?

చిన్న పిల్లల విషయములో సర్కారు కొంత ఆలోచించినది. నాలుగో తరగతి వరకు బళ్ళు ఉదయము 9 గంటలకు ముందు పెట్టరాదని మహారాష్ట్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ఉత్తరువు చేసినది. రెండు పూటల బళ్ళు నడిపేవారికి, బస్సులవారికి అది ఇబ్బంది అయినది. ఇబ్బంది నిజమే. కాని యెక్కువగా నిద్ర లేక బాధపడే పెద్ద తరగతుల పిల్లలకు ఆ ఉత్తరువు వర్తించలేదు.

మేము అసలు చెప్పదలచిన మాట ఇప్పుడు చెబుతాము.

ఒక్క గది ఇంట్లో అయిదుగురు పడుకొంటారు. నాలుగు ఫోనులు నాలుగు వేళలకు మోగుతాయి. నాలుగింటికీ లేచేది తల్లి ఒక్కతే. కుళాయి యే వేళకు వస్తే ఆ వేళకు ఆమె బిందెతో నిలబడాలి. ఆయన లోకల్ బండికి ఆయన డబ్బా, అమ్మాయి కాలేజీకి అమ్మాయి డబ్బా. నడుమ అబ్బాయిని లేపడము. "అయిదు నిమిషాలమ్మా!" ఈ అయిదు నిమిషములు నాలుగుసార్లు వస్తాయి. ప్రతిసారీ పొయ్యి దగ్గరనుండి ఆమె రావలసిందే. ఇంత చేసినా, "నన్ను లేపలేదేం?" అని కసురుకొనేవారు పిల్లలలోనే కాదు, మీసములు నెరిసినవారిలో కూడ ఉన్నారు. బండి తప్పినది ఆయనకు, తప్పు ఆమెది! అందరి గిన్నెలూ కడిగి, పదకొండు దాటాక పక్క వేసుకొన్న మనిషి ఆమె. ఆమె నిద్ర యెన్ని గంటలో ఆ ఇంట్లో యెవరూ లెక్కపెట్టరు. మన ఆడవారు ఊర్మిళాదేవి నిద్ర పాటను తరతరాలుగా యెందుకంత ఇష్టముగా పాడుకొన్నారో మాకు ఇప్పుడు అర్థమవుతున్నది. పద్నాలుగేళ్ళు లేపేవారు లేకుండా పడుకొన్న ఇల్లాలి కథ అది.

వేళకు లేవడమన్నది పొద్దున్నే సాధించే పని కాదు, రాత్రే మొదలుపెట్టవలసిన పని. సాయంత్రము ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీను సుమారు సగము రాత్రి పదకొండింటికి కూడ ఒంట్లో ఉంటుంది. రేపటి కూర రాత్రే తరిగిపెట్టవచ్చు, డబ్బాలు రాత్రే కడిగి బోర్లించవచ్చు. ఇవి మగచేతులకు రాని విద్యలు కావు. పన్నెండేళ్ళు నిండిన ప్రతి పిల్లా పిల్లవాడూ తమ అలారముకు తామే లేవాలి. ఆ ఫోను తలగడ దగ్గర కాక, నాలుగు అడుగులు నడిస్తే గాని అందని చోట పెట్టుకోవాలి. నీళ్ళు పట్టే వంతు వారానికి మూడు రోజులయినా ఇంటి మగవారు తీసుకోవాలి. లేచాక పావుగంట, అరగంట మత్తుగా ఉండడము సహజము; దానిని చూసి మళ్ళీ పడుకోవద్దు. కిటికీ తీసి వెలుగులో నిలబడండి, లేకపోతే పాలప్యాకెట్టుకు వీధిలోకి వెళ్ళిరండి. ఆదివారము పదింటిదాకా పడుకొంటే సోమవారము లేవడము మరింత కష్టమవుతుంది. ఒక గంట యెక్కువ పడుకోండి, చాలు. నిద్రలో గట్టిగా గురకపెట్టి, మధ్యమధ్య ఊపిరి ఆగినట్లయి, యెన్ని గంటలు పడుకొన్నా అలసటతోనే లేచేవారిని మందలించి లాభము లేదు. వైద్యునికి చూపించాలి.

రాత్రిపూట పనిచేసేవారికి ఈ సలహాలు పనికిరావు. వారి నిద్ర పగలే. మనలో కాపలా పనివారు, ట్యాక్సీ నడిపేవారు, ఆసుపత్రులలో రాత్రి డ్యూటీ చేసేవారు చాలామంది ఉన్నారు. పండుగనాడు కూడ వారు తెల్లవారి ఇంటికి వచ్చి ఇప్పుడే కన్ను మూసి ఉంటారు. మన లౌడుస్పీకరు ఒకటి వీధివైపు తిరిగి ఉన్నది. పాటలు మొదలయ్యేలోగా దానిని లోపలికి తిప్పించమని కార్యకర్తలను కోరుతున్నాము. ఉగాది పచ్చడి, పులిహోర వారి వంతు తీసి ఉంచండి. సాయంత్రము లేచి వస్తారు.

సెలవు.