నల్లకోటు మన గేరికి రావాలి
(మాధవరం విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ప్రతిసారీ మనం ఒక నల్లకోటు కోసం వెతుక్కుంటున్నాం. ఆ కోటు మన గేరి పిల్లోల్లే తొడుక్కోవాలని అడగడానికి వచ్చాం. 1985లో కారంచేడు దాడి జరిగినప్పుడు బొజ్జా తారకం గారు ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. మన జిల్లా పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు కూడా న్యాయశాస్త్రం చదివినవారే.

ఆ చదువుకు మొదటి గడప లాసెట్. ఇంటర్ అయినోళ్లకు అయిదేళ్ల కోర్సు, డిగ్రీ అయినోళ్లకు మూడేళ్ల కోర్సు. ప్రశ్నలు 120, టైము 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకండ్లే. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30 మార్కులు, వర్తమాన విషయాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60. సగం మార్కులు ఎక్కడున్నాయో చూశారు కదా? మీ సగం కష్టం కూడా అక్కడే పెట్టండి.

దానికి మొదటి పుస్తకం రాజ్యాంగం. 17వ అధికరణ ఎందుకొచ్చిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, హోటల్లో వేరే గ్లాసు చెప్పింది. హక్కు పోతే 32 కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు. ఇట్లా అర్థం చేసుకుని చదివితే బట్టీ పట్టే పని తగ్గుతుంది. పాత పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఇప్పుడు 302 కాదు, 103.

కోచింగ్‌కు డబ్బుల్లేవని కూర్చోవద్దు. పాత ప్రశ్నపత్రం ముందర పెట్టుకుని, గడియారం చూసుకుంటూ వారానికొకటి రాయండి. రాసింది పక్కన పడేయొద్దు. తప్పయిన ప్రతి ప్రశ్ననూ ఒక నోట్‌బుక్కులో ఎక్కించండి: తెలియక పోయిందా, మరిచిపోయి పోయిందా, తొందరపడి పోయిందా? మార్కులు పెరిగేది ఆ నోట్‌బుక్కుతోనే. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. మౌస్ పట్టనోళ్లు ముందే ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో నెట్ సెంటర్‌కు పోయి చేయి అలవాటు చేసుకోండి.

పరీక్షలో తెలిసినవన్నీ మొదట పెట్టేయండి, తికమకవి రెండో చుట్టులో చూడండి. లాసెట్‌లో తప్పుకు మార్కు కోత లేదు. అందుకని ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, భయం వద్దు.

సుగ్గికి పోయే ఇండ్ల పిల్లోల్ల సంగతేంది? పగలంతా మిరప కోసినోళ్లకు రాత్రి చదువు సులువని మేము చెప్పం. ఊర్లో ఉన్నోళ్లు రోజుకు పది ప్రశ్నలు ఫోన్లో పంపండి. వాళ్లు జవాబులు పంపితే మీరు దిద్దండి. అది దయ కాదు, బాధ్యత.

ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకు రావడానికి కనీస మార్కుల నిబంధన లేదు. దాన్ని చూసి సోమరిపోతే మోసపోతాం. మంచి కాలేజీలో సీటు ర్యాంకును బట్టే వస్తుంది. వచ్చే ఆదివారం నుంచే ప్రతి గేరిలో అయిదుగురు కూర్చోండి, ఒక పాత పేపరు తెరవండి.

జై భీమ్.