ఢావ్లో పాట రీల్ కోసం కాదు



నారాయణఖేడ్ వైపు తాండాలు విడిచి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పని కోసం ముత్తంగి చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉంటున్నవాళ్లం మనలో చాలామంది. తాండాలో తీజ్ మొలకలు ఎంత ఎదిగాయో, ఎవరి పెళ్లి ఎలా జరిగిందో సెల్‌ఫోన్‌లోనే చూసుకుంటాం. షిఫ్టు అలసట మరిచిపోతాం. అందుకే ఫోన్ చెడ్డదని నేను అనను.

మొన్న మా బంధువుల పెళ్లిలో జరిగిన సంగతి చెబుతాను. అప్పగింతల వేళ పెళ్లికూతురు తల్లిని పట్టుకొని ఢావ్లో పాడింది. అది కచేరీ కాదని మీకు తెలుసు. పుట్టింటిని, పెంచిన చేతులను తలుచుకొని ఏడుస్తూ పాడే పాట. వినవలసింది ఆ కౌగిలిలో ఉన్నవాళ్లు. ఒక కుర్రాడు దాన్ని రీల్ చేసి పెట్టాడు. తెల్లారేసరికి వేలమంది చూశారు. కింద నవ్వే బొమ్మలు, వెకిలి మాటలు. ఆ పిల్ల కొత్త అత్తగారింట్లో తలెత్తుకోలేకపోయింది.

ఆ కుర్రాడు మా అబ్బాయే. తిడదామనుకున్నాను. కానీ ఆ రీల్‌కు మొదటి లైకు కొట్టింది నేనే.

2017 జూలైలో తెలుగు బిగ్ బాస్ మొదలైంది. కెమెరాల మధ్య మనుషుల ఏడుపులు, కొట్లాటలు అన్నం తింటూ చూశాం. అదే ఏడు ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మొదటిది అందరికీ గుర్తుంది. రెండోది ఎందరికి తెలుసు? పైగా బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఒప్పుకొని వెళ్లారు. మన పెళ్లికూతురిని ఎవరు అడిగారు?

అండమాన్‌లో తిండి ఆశచూపి జారవా ఆడవాళ్ల చేత నాట్యం చేయించి తీసిన వీడియోలు 2012లో బయటపడితే దేశమంతా గగ్గోలు పుట్టింది. గిరిజనులను బయటివాళ్లు వింతగా చూపిస్తే మనకు కోపం వస్తుంది. మరి ఇప్పుడు మనవాళ్లను మనమే అలా చూపిస్తున్నామే!

పిల్లలూ, తీసే ముందు అడగండి. పెట్టే ముందు మళ్లీ అడగండి. ఢావ్లో మరుగున పడకూడదనుకుంటే, పెద్ద యాడీల దగ్గర కూర్చొని, వాళ్లు సరేనంటే రికార్డు చేసి దాచుకుందాం. మీ ఫొటోలు, వీడియోలు చూపి ఎవరైనా డబ్బుకు బెదిరిస్తే భయపడి దాచకండి, 1930కి ఫోన్ చేయండి.

మా అబ్బాయి ఆ వీడియో తీసేశాడు. అప్పటికే వేరే ఫోన్లలోకి పోయినదాన్ని మాత్రం తీయలేకపోయాడు.

జై సేవాలాల్.