ఆస్పత్రిలో మన ‘సరే’



పిల్లలకు గొంతు నొప్పి వస్తే మన ఊళ్లలో పెద్దగా పట్టించుకోం. ఉప్పునీళ్లు పుక్కిలించమంటాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. కానీ కొందరు పిల్లలకి, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకి, రెండు మూడు వారాల తర్వాత జ్వరం వచ్చి మోకాలు వాస్తుంది. అది తగ్గేలోపు చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. దీన్నే రుమాటిక్ జ్వరం అంటారు. గొంతులో చేరిన క్రిమి మీద పోరాడాల్సిన మన ఒంటి శక్తి పొరపాటున గుండె మీద పడుతుంది. రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపులు గుండెలో ఉంటాయి, డాక్టర్లు వాల్వులు అంటారు. అవి దెబ్బతింటాయి. కీళ్ల నొప్పులు పోతాయి, వాల్వుకి తగిలిన దెబ్బ మాత్రం చాలామందిలో ఉండిపోతుంది. ఇరుకు ఇళ్లు, దూరపు ఆస్పత్రి ఉన్నచోటే ఈ జబ్బు ఎక్కువ. పేదోళ్ల గుండెజబ్బు ఇది.

మందు ఉంది, ఖరీదైనదీ కాదు. మూడు వారాలకోసారి బెంజథిన్ పెనిసిలిన్ సూది. ఏళ్ల తరబడి వేయించుకోవాలి, వాల్వు బాగా దెబ్బతిన్నవాళ్లకి 40 ఏళ్లు వచ్చేదాకా కూడా.

మాట తెగేది ఇక్కడే. డాక్టరు చీటీ రాసి ‘మూడు వారాలకోసారి రావాలి, మానొద్దు’ అంటారు. తల్లి ‘సరే సార్’ అంటుంది. రెండు నిమిషాల పని. ఇంటికొచ్చాక చూస్తే పిల్ల గెంతుతోంది, నొప్పి లేదు. సూదేమో తొడ పట్టేసేంత నొప్పి. పైగా బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి. మీరైతే వెళ్తారా? తర్వాత ఆ పిల్లని ఆయాసంతో తీసుకెళ్తే ‘మీ వాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా అంతే’ అని తిట్టు. ఏం చెప్పారు మరి? రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. ‘ఈ సూది ఇవాళ్టి నొప్పికి కాదమ్మా, గొంతు మళ్లీ సోకి వాల్వు ఇంకా పాడవకుండా’ అన్న ఒక్క మాట కోయలోనో, కువిలోనో, గోండిలోనో ఆమెకి చేరలేదు. మనవాళ్ల ‘సరే’ అంటే అర్థమైందని కాదు. తిట్టకండి, వెళ్లిపోతాం అని.

ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. వాల్వు సన్నబడ్డ అమ్మాయికి మామూలప్పుడు ఏమీ తెలియకపోవచ్చు. కడుపు పండాక ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె మోయలేదు, పడుకుంటే ఊపిరాడదు. ‘కడుపుతో ఉంటే ఆయాసం మామూలే’ అంటారు ఇంట్లోవాళ్లు. పెళ్లి చెడుతుందని పుట్టింట్లో జబ్బు దాస్తే అత్తారింటి ఊరి ఏఎన్ఎంకి ఎలా తెలుస్తుంది? లోహపు వాల్వు వేసినవాళ్లు జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆ మాత్ర కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు, అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడాలి. అలాగని భయపడి సొంతంగా మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది.

జబ్బు గురించి తెలిసిన భాషలో, అర్థమయ్యేలా చెప్పించుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తెచ్చిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. అది బతిమాలి తెచ్చుకునేది కాదు. చదువుకున్న మీరు తోడు వెళ్లినప్పుడు పెద్దావిడని పక్కకి నెట్టి మీరే మాట్లాడేయకండి. ఆమెనే అడగనివ్వండి: ఈ మందు ఎందుకు, ఎన్నాళ్లు, మానితే ఏమవుతుంది? డాక్టరు చెప్పింది ఆమె భాషలో చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించుకోండి. అది డాక్టరు ముందే జరగాలి, తప్పుంటే అక్కడే దిద్దొచ్చు. ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకొకటి. 21 రోజులు అంటే మన పెద్దవాళ్లకి గుర్తుండదు. వారానికో సంత కదా, మూడో సంతకల్లా సూది అని చెప్పండి. సంతకి ఎలాగూ వస్తారు.