గురికి గల విలువ
కర్మన్‌ఘాట్ పఠనమందిరమున గావించిన యుపన్యాసము



ఆయుధముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మనవారు మొదట నడుగునది దూరము. పిమ్మట నడుగునది గుండు బరువు. గురిని గూర్చి యడుగువారు తక్కువ. అడిగినవారును “గురి తప్పదు” అను మాటతో తృప్తి నొందుదురు. కర్మన్‌ఘాట్ వాసుల కీ యుపేక్ష తగదని మా మనవి. ఏలయన, మన ప్రక్కనే కంచన్‌బాగులో రక్షణ పరిశోధనశాలలును, భారత్ డైనమిక్స్ కర్మాగారమును ఉన్నవి. మన బిడ్డలలో కొంద రచ్చట పని చేయుచున్నారు. మన పన్నుల ధన మచ్చట వ్యయమగుచున్నది. కావున ఆయుధమును తూచు తూక మేదో మన మెరిగియుండవలయును.

గురి యనుదానిలో రెండు గుణము లిమిడియున్నవి. ఒకే తీరున పది గుండ్లు పేల్చినచో అవి యన్నియు నొక్కచోట గుమిగూడుట మొదటిది. ఆ గుమి కోరిన చోటనే పడుట రెండవది. మొదటిది గొట్టము, మందు, గుండు అను మూటి పనితనమునుబట్టి వచ్చును. రెండవది దూరమును కొలుచు కన్నునుబట్టి, పేల్చు చేతినిబట్టి వచ్చును. మంచి తుపాకియైనను చెడ్డచేతిలో బడినచో ప్రతి గుండును ఒకే తప్పుచోటికి పంపును.

గురియే సర్వస్వమా? కాదనుటకు మన నగర చరిత్రయే సాక్ష్యము. 1687లో ఔరంగజేబు గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించెను. కోటగోడ పెద్ద గురి. దానిని తప్పుట కష్టము, పడగొట్టుట యంతకన్న కష్టము. అచ్చట ఫిరంగికి కావలసినది సన్నని గురి కాదు, గుండు బరువు, మందు నిల్వ, ఓపిక. అవి యన్నియు నుండియు గోడ లొంగలేదు. లోపలివాడొకడు లంచము గొని తలుపు తీసిన పిమ్మటనే కోట పడినది.

మనకు మరింత చేరువనున్న మూసారాంబాగును చూడుడు. ఆ పేరునకు మూలపురుషుడైన ఫ్రెంచి సేనాని రేమండు 1795 ప్రాంతమున నిజాము కొరకు తోప్‌కా సాంచాలో ఫిరంగులు పోయించెను. ఆయన 1798 మార్చిలో మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో, జీతములందక తిరుగబడిన ఆ సిపాయిల నాంగ్లేయులు చుట్టుముట్టి, రక్తపాతము లేకుండగనే ఆయుధములు దింపించిరి. కడుపు నిండని సిపాయి చేతిలో గురిగల తుపాకియు నొక కట్టెయే.

అయితే భూమిని వీడి సముద్రము మీదికి పోయినచో తూకము మారును. అచ్చట గురి చిన్నది, కదలునది. ఫిరంగిని మోయు నోడయు అలలపై నూగుచుండును. 1898 జులైలో క్యూబా తీరమున శాంటియాగో వద్ద అమెరికా యోడలు తొమ్మిదివేలకు పైగా గుండ్లు పేల్చినవి. తగిలినవి నూటయిరువది ప్రాంతము. గెలుపు వారిదే, కాని నూటికి తొంబదియెనిమిదికి పైగా నీటిపాలైనవి. ఆ మరుసటి యేడు బ్రిటిషు నావికుడు పెర్సీ స్కాటు తన ‘సిల్లా’ యోడపై నూటికి 80 గుండ్లు తగులునట్లు చేసెను. ఆయన క్రొత్త ఫిరంగులు తేలేదు. ఓడ యూగి సరియైన స్థితికి వచ్చువరకు వేచి పేల్చుట పాత పద్ధతి. ఊగుచున్నంతసేపును చూపును గురిమీదనే నిలుపునట్లు మనుష్యులకు నేర్పుట ఆయన పద్ధతి. ఫిరంగిలో నిదురించుచున్న గురిని మేలుకొల్పినది శిక్షణ.

గురి తప్పిన గుండు నీటిలోనే పడునని భరోసా లేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యోడ ఎమ్డెన్ మద్రాసుపై సుమారు 130 గుండ్లు పేల్చెను. ఆ యోడ కోరినది రేవు చెంతనున్న నూనె తొట్లను. రెండు తొట్లు తగులబడినవి. కాని మరికొన్ని గుండ్లు నగరములో బడినవి. హైకోర్టు ప్రహరీగోడ కొంత కూలెను. ఆ ఫలకమునేడును అచ్చట కలదు. నూనెతొట్టికిని న్యాయస్థానపు గోడకును నడుమ నున్న దూరమే గురితప్పుట యనుదాని నిజమైన అర్థము. ఆ నడుమ నివసించువారు జనులు.

నేటి క్షిపణుల విషయమున ఈ లెక్క మరింత కఠినమైనది. ప్రేలుడుమందు ఎనిమిదింతలు పెంచిననేగాని దెబ్బ రెండింతల దూరము పారదు. కాబట్టి తప్పును సగము చేయగలిగినచో మందు ఎనిమిదవ వంతు చాలును. 1983లో కలాముగారి నాయకత్వమున కంచన్‌బాగు శాలలో ప్రారంభమైన క్షిపణి కార్యక్రమము నుండి పృథ్వి 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటలో మొదట నెగసెను. అట్టి క్షిపణిలో వేగమును, మలుపును కొలుచు పరికరమున రవ్వంత దోషమున్నను, ప్రయాణకాలము పెరిగినకొలది అది పెరుగుచునే పోవును. మందు దట్టించుటకన్న ఆ దోషమును తగ్గించుటయే కష్టతరమైన విద్య.

ఒక మాట మరువరాదు. క్షిపణి గురి 50 మీటర్లని చెప్పినచో సాధారణముగా దాని యర్థము, ప్రయోగించినవానిలో సగము ఆ కొలత వ్యాసార్ధముగా గల వృత్తములో పడునని. తక్కిన సగము వెలుపల పడును. పత్రికలలో మొదటి సగమే కనబడును. రెండవ సగమెక్కడ పడునని యడుగుట పౌరుని పని.

కావున ఆయుధమును పొగడు మాట వినబడినప్పుడు నాలుగు ప్రశ్న లడుగుడు: ఎంత దూరమున? ఎట్టి గాలిలో, ఎట్టి కదలికలో? ఎవరి చేత? ఎన్నిసార్లు పేల్చగా ఎన్ని తగిలెను? ఈ నాలుగింటికిని సమాధానము దొరకినప్పుడే దూరమునకును, బరువునకును విలువ కట్టవచ్చును. అడుగు ప్రజలున్నచోట కొలుచువారును జాగరూకులై యుందురు.