కదిలే డెక్ మీద హెలికాప్టర్ దింపడం

ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు, వీసాల గురించో కొత్త సాఫ్ట్‌వేర్ల గురించో చెప్తాననుకుని ఉంటారు మన రేడియో మిత్రులు. నేను ఐటీ కన్సల్టెంటుని, ఎమ్మెస్ చేద్దామని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. నాకు తెలిసింది అదే కదా మరి! కానీ ఇవాళ చెప్పబోయేది వేరే సంగతి. అమెరికా నేవీలో హెలికాప్టర్ పైలట్లకి ఓడ మీద దిగడం ఎలా నేర్పిస్తారో చెప్తాను.

దానితో నీకేం పని అంటారా? మా పిన్ని కొడుకు ఆ పనిలోనే ఉన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగాడు. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తయ్యి, మంచి ఉద్యోగం చేతికొచ్చాక, నేవీలో పైలట్‌గా చేరతానన్నాడు. బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. పిన్ని మాట్లాడింది గానీ ఇండియా ఫోన్లలో మాత్రం "వాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది" అని ఊరుకుంది. చివరికి ఒకరోజు నన్ను పట్టుకుంది. "ఏరా, విమానం నేల మీద దిగుతుందంటే నాకు తెలుసు. సముద్రంలో ఊగే ఓడ మీద ఎలా దిగుతుందిరా? నువ్వు చదువుకున్నావు కదా, నాకర్థమయ్యేలా చెప్పు" అంది. నాకేం తెలుసు? అప్పట్నించీ చదవడం, వాణ్ణి ఫోన్లో విసిగించడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీకూ చెప్తే బావుంటుందనిపించింది. మన ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు మరి.

శిక్షణ ఫ్లోరిడాలో పెన్సకోలాతో మొదలవుతుంది. ముందు టీ-6బీ అనే చిన్న విమానం నేర్పిస్తారు. ఆ తర్వాత హెలికాప్టర్ దారి పట్టినవాళ్ళు అక్కడికి దగ్గర్లోనే ఉన్న వైటింగ్ ఫీల్డ్‌లో నేర్చుకుంటారు. చాలా ఏళ్ళు అక్కడ టీహెచ్-57 వాడారు. 2021 నుంచి టీహెచ్-73 రావడం మొదలైంది. హెలికాప్టర్‌లో ఎడమచేతికి ఒక కర్ర, అది పైకీ కిందకీ. కుడిచేతికి ఇంకోటి, అది ముందుకీ వెనక్కీ పక్కలకీ. కాళ్ళకి పెడల్స్, అవి ముక్కుని తిప్పడానికి. ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దుకోవాలి. గాల్లో ఒకేచోట నిలపడం వచ్చేదాకా ఎవరికైనా చెమటలే. "మొదటి వారం ఫుట్‌బాల్ గ్రౌండంత చోటు కూడా నాకు సరిపోలేదు అన్నయ్యా" అన్నాడు మా వాడు.

ఇంకో శిక్షణ ఉంది, పిన్నికి చాలా రోజులు చెప్పలేదు. హెలికాప్టర్‌కి బరువంతా పైనే ఉంటుంది, ఇంజన్లూ గేర్ బాక్సూ రెక్కలూ అన్నీ. నీళ్ళలో పడితే తలకిందులవుతుంది. అందుకని హెలికాప్టర్ లోపలి భాగంలా తయారుచేసిన ఒక డబ్బాలో కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, స్విమ్మింగ్ పూల్‌లో ముంచి తిప్పేస్తారు. ఏమీ కనపడకుండా కళ్ళద్దాలు మూసి కూడా చేయిస్తారు. ఏ చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో, కిటికీ ఎటుందో ఒళ్ళు గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళ మీద ఎగిరే ప్రతివాడూ ఇది దాటాల్సిందే.

సరే, అసలు విషయం. ఓడ అంటే మన మనసులో పెద్ద విమానవాహక నౌక మెదులుతుంది. దాని మీద చోటు బోలెడు. కష్టమంతా చిన్న ఓడలతోనే. అమెరికన్ డెస్ట్రాయర్ వెడల్పు 66 అడుగులు. దాని మీద దిగే ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్ పై రెక్కల చక్రం 53 అడుగుల 8 అంగుళాలు. డెక్ ఓడ వెనక భాగంలో ఉంటుంది. ముందు హ్యాంగర్ గోడ, మిగతా మూడు వైపులా సముద్రం. ఆ డెక్ పైకీ కిందకీ లేస్తుంది, పక్కలకి ఒరుగుతుంది, ముందుకీ పోతూ ఉంటుంది.

ఓడ పదిహేను నాట్ల వేగంతో పోతోందనుకోండి. నాట్లంటే వరినాట్లు కావు, సముద్రం మీద వేగానికి లెక్క. ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు. డెక్ మీద కదలకుండా నిలబడ్డట్టు కనపడే హెలికాప్టర్, నిజానికి అదే పదిహేను నాట్ల వేగంతో ముందుకి ఎగురుతోంది. ఓడ మీద కట్టిన హ్యాంగరూ గోపురాలూ గాలిని చీల్చి వెనక సుడులు తిప్పుతాయి. సరిగ్గా ఆ సుడుల్లోకే పైలట్ రావాలి. నీళ్ళ మీద నుంచి డెక్ అంచు దాటగానే రెక్కల గాలి డెక్‌కి కొట్టుకుని హెలికాప్టర్‌ని పైకి నెడుతుంది. వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకునే, హెలికాప్టర్ వచ్చేముందు ఓడ కెప్టెన్ ఓడని గాలికి అనువుగా తిప్పుతాడు. గాలి ఏ దిక్కునుంచి ఎంత జోరు వరకూ ఉంటే దిగొచ్చో పటాలు ఉంటాయి. అది దాటితే దిగడం లేదు.

కొత్తవాళ్ళు మొట్టమొదట మానుకోవాల్సింది డెక్ వంక చూడడమట! విని నవ్వాను. దిగాల్సిన చోటు చూడకపోతే ఎలాగ? కారణం ఉంది. డెక్‌నే చూస్తే చేతులు డెక్‌తో పాటు కదులుతాయి. అది లేస్తే మనమూ లేస్తాం, వాలితే మనమూ వాలతాం. నాలుగు అలలు వచ్చేసరికి పైలట్ ఓడ కన్నా ఎక్కువ ఊగుతుంటాడు. అందుకని చూపు దూరంగా, ఆకాశం సముద్రం కలిసే గీత మీద ఉంచమంటారు. రాత్రి ఆ గీత కనపడదు. ఓడ ఊగినా తాను ఊగకుండా అడ్డంగా నిలిచే దీపాల వరస హ్యాంగర్ మీద ఉంటుంది, దాన్నే గీత అనుకోవాలి. హెలికాప్టర్‌ని స్థిరంగా నిలిపి, ఓడ ఊగడం కాసేపు తగ్గే క్షణం కోసం కాచుకోవాలి. ఎంత పెద్ద సముద్రంలోనైనా అలాంటి క్షణాలు వస్తాయి. అప్పుడు దింపేయాలి, ఆలస్యం పనికిరాదు.

మరి చక్రాలు ఎక్కడున్నాయో ఎవరు చూస్తారు? పైలట్ సీట్లోంచి కిందున్న చోటు కనపడదు. వెనక తలుపు దగ్గర కూర్చున్న సిబ్బంది మనిషి తల బయటపెట్టి, ఇంకా ఐదడుగులు ముందుకి, మూడు, ఒకటి, ఆగు అని చెప్తుంటాడు. ఎదురుగా డెక్ మీద పసుపు చొక్కా వేసుకుని, చేతులతో సైగలు చేసే నావికుడు ఒకడుంటాడు. వాణ్ణి ఎల్ఎస్ఈ అంటారు. వాడు ఆఫీసరు కాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు కూడా అయి ఉండొచ్చు. ముందుకి రా, ఎడమకి జరుగు అనే సైగలన్నీ సలహాలే, పైలట్ తన బుద్ధి ఉపయోగించొచ్చు. కానీ రెండు సైగలు మాత్రం ఆజ్ఞలు. ఒకటి "ఆగు". రెండోది "దిగొద్దు, వెళ్ళిపో". దీన్ని వేవాఫ్ అంటారు. ఆ రెండో సైగ చూశాక లోపలున్నది లెఫ్టినెంటయినా కమాండరైనా మాట్లాడకుండా పైకి లేచి, చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. ఎందుకని వాదించడానికి లేదు. చిన్నప్పట్నించీ "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు" అని పెరిగిన నాకు ఈ పద్ధతి వింతగానే తోచింది.

మా వృత్తిలో అర్ధరాత్రి కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నప్పుడు ఏదైనా తేడా కొడితే వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటుంది. కాగితం మీద ఎవరైనా ఆపొచ్చు. నిజంగా ఆపాలంటే ఎన్ని ఈమెయిళ్ళు, ఎంతమంది మేనేజర్ల మొహాలు చూడాలో ఈ రంగంలో ఉన్న శ్రోతలకి తెలుసు!

సముద్రం మరీ అల్లకల్లోలంగా ఉంటే ఇంకో ఏర్పాటు ఉంది. హెలికాప్టర్‌ని కేబుల్‌తో పట్టి డెక్ మీదకి లాగడం. ఇది కెనడావాళ్ళ ఆలోచన. 1960లలో వాళ్ళు చిన్న ఓడల మీద పెద్ద సీ కింగ్ హెలికాప్టర్లు దింపాలనుకున్నారు, పైగా వాళ్ళది ఉత్తర అట్లాంటిక్. హెలికాప్టర్ కింద ఒక కొక్కెంలాంటి కడ్డీ, డెక్ మీద దాన్ని గభాల్న పట్టేసే దవడల్లాంటి పరికరం. "బేర్ ట్రాప్", అంటే ఎలుగుబంటి బోను, అని పేరు పెట్టారు. తర్వాత అమెరికన్లు కూడా ఆ పద్ధతిని తీసుకున్నారు. మన భారత నౌకాదళం పిల్లలైతే అరక్కోణం దగ్గర ఐఎన్ఎస్ రాజాలిలో హెలికాప్టర్ నేర్చుకుంటారు. విశాఖ శ్రోతలకి ఐఎన్ఎస్ డేగా గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పినా పిన్నికి నమ్మకం కుదర్లేదు. అప్పుడు నాకొక ఓడ గురించి తెలిసింది. పేరు బేలాండర్. 1968లో కట్టారు, వియత్నాం యుద్ధంలో సరుకులు మోసింది. 1980లలో దాని మీద డెక్ కట్టి, పెన్సకోలాలో విద్యార్థులకి దిగడం నేర్పడానికి వాడారు. పొడవు 125 అడుగులు, వెడల్పు 36 అడుగులు. టీహెచ్-57 రెక్కల చక్రమేమో 33 అడుగులు! 2011లో విరమించేలోపు దాని మీద 1,20,000కి పైగా ల్యాండింగులు, ప్రమాదం లేకుండా జరిగాయి. తర్వాత దాన్ని న్యూయార్క్ తెచ్చి, హార్లెమ్ దగ్గర హడ్సన్ నదిలో కట్టి, రెస్టారెంటుగా నడిపారు. ఒక వేసవిలో పిన్నినీ బాబాయినీ తీసుకెళ్ళాను. పిన్ని తినగలిగినవి ఫ్రెంచ్ ఫ్రైస్ ఒక్కటే అనుకోండి. ఆవిడ డెక్ ఈ అంచు నుంచి ఆ అంచుకి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పద్నాలుగు. మళ్ళీ వెనక్కి నడిచింది, మళ్ళీ పద్నాలుగే. "మన హాలూ వంటిల్లూ కలిపితే ఇంతే కదరా" అంది. బాబాయి రెయిలింగ్ పట్టుకుని నది వంక చూస్తూ నిలబడ్డాడు.

ప్రమాదాలు లేవని నేను పిన్నికి చెప్పలేదు. ఆవిడ చదవకుండా ఉంటుందా? 2021 ఆగస్టు 31న శాన్ డియాగో దగ్గర, అబ్రహాం లింకన్ నౌక మీద దిగుతున్న ఎంహెచ్-60ఎస్ సముద్రంలో పడిపోయింది. ఐదుగురు పోయారు, ఒక్కరు బయటపడ్డారు. విచారణలో యంత్రంలోని లోపమని తేలింది. పైలట్ ఎంత నేర్చుకున్నా చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. ఆ వార్త ఆవిడ ప్రింట్ తీసి దేవుడి గదిలో పెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు.

మా వాడు రెక్కల బ్యాడ్జీ అందుకున్నాక శాన్ డియాగో వెళ్ళాడు. అక్కడ ముందు సిమ్యులేటర్లో, తర్వాత నేల మీద డెక్ ఆకారంలో గీసిన గీతల మీద పగలూ రాత్రీ సాధన, ఆఖరికి నిజం ఓడ. మొదటిసారి రాత్రి ఓడ మీద దిగివచ్చాక రెండు రోజులకి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాం. ఎలా ఉందని బాబాయి అడిగాడు. "నల్లగా ఉంది నాన్నా. మధ్యలో చిన్న దీపాలు" అన్నాడు. పిన్ని కాసేపాగి అడిగింది: "ఆ పసుపు చొక్కా అబ్బాయి వెళ్ళిపొమ్మన్నాడా?"

"రెండుసార్లు, అమ్మా."

"వెళ్ళిపోయావా?"

"వెళ్ళిపోయాను."

అప్పుడు ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే కొన్ని సంగతులు. అమెరికా పౌరసత్వం ఉండాలి, డిగ్రీ ఉండాలి. అన్నాపోలిస్‌లోని నావల్ అకాడమీ ఒక దారి, కాలేజీలో ఆర్వోటీసీ ఇంకో దారి, డిగ్రీ అయ్యాక న్యూపోర్ట్‌లోని ఆఫీసర్ శిక్షణ మూడోది. మా వాడు వెళ్ళింది ఈ మూడోదాన్లోనే. కంటి పరీక్ష, రంగుల పరీక్ష గట్టిగా ఉంటాయి. రెక్కలు వచ్చాక చాలా ఏళ్ళు తప్పనిసరిగా పని చేయాలి, మధ్యలో మానేస్తానంటే కుదరదు. ఎన్నేళ్ళన్నది సంతకం పెట్టేముందే కాగితం మీద చూసుకోండి, పిల్లలతో పాటు మీరూ కూర్చుని చదవండి. రిక్రూటర్‌ని తల్లిదండ్రులు కూడా ప్రశ్నలు అడగొచ్చు. మా పిన్ని నలభై నిమిషాలు అడిగింది.