కుర్చీ కీళ్లు

మన యిండ్లలో భోజనమునకు చిరకాలము పీటయే చాలియుండెను. బల్లయు, దాని చుట్టు కుర్చీలును తరువాత వచ్చినవి. వచ్చినవి గాని, వానిని కొనుటలో మనకు వివేకము చాలదని నా యభిప్రాయము. వీపుమీది లతలను, నగిషీని చూచి వెల కట్టుదుము. కుర్చీ ప్రాణము నిలిచియుండు చోటును చూడము. ఆ చోటును గూర్చియే నేను మనవి చేయదలచితిని.

భోజనపు కుర్చీ పడు కష్టము తక్కిన కుర్చీలకు లేదు. దినమునకు పలుమారులు దానిని వెనుకకు లాగుదురు, ముందుకు జరుపుదురు. కడుపు నిండినవాడు వెనుకకు వ్రాలి ముందుకాళ్లను నేలనుండి లేపును. అప్పుడు వాని బరువు, గునపముతో పెకలించినట్లు, వెనుకకాలికిని ప్రక్కపట్టీకిని గల అతుకును విప్పజూచును. కుర్చీలు సాధారణముగ చెడునది అచ్చటనే.

ఆ యతుకును ఇనుపమేకుతో బిగించుట సులభము. కాని కొయ్య ఊరకుండు వస్తువు కాదు. వానకాలమున తేమను పీల్చి ఉబ్బును. ఎండకాలమున ఆరి ముడుచుకొనును. ఈ మార్పు నారకు అడ్డముగనే యెక్కువ, నిడుపున లేదన్నంత స్వల్పము. టేకున కీ గుణము తక్కువయే; అయినను పచ్చికఱ్ఱ యైనచో ఆదిలాబాదు టేకును మోసము చేయును. మేకు కొయ్యతోపాటు పెరుగదు, తరుగదు; కొన్ని యేండ్లకు దాని చుట్టు సందు పడును.

అందుచే మంచి వడ్రంగి పట్టీ చివర నాలుకవలె కుసిని చెక్కి, కాలిలో దానికి సరియగు బెజ్జమును ఉలితో తొలిచి, అందు చొప్పించును. కుసి మందము పట్టీ మందములో ఇంచుమించు 3వ వంతు ఉండవలెను. అంతకు మించినచో కాలు చీలును. మరీ తగ్గినచో కుసియే విరుగును. కుసి మొదట నిరుప్రక్కల నుండు భుజములు కాలికి సందులేక ఆనవలెను. ఊగిసలాటను ఆపునవి అవియే. కుర్చీ వెనుకకంటె ముందు వెడల్పుగ నుండుటచే ప్రక్కపట్టీ కాలిని కొంచెము వాలుగ చేరును. భుజములను ఆ వాలునకు కోయుటలోనే చేతినేర్పు తెలియును.

నాకు మిక్కిలి ప్రియమైన ఉపాయ మొకటి కలదు. కాలిలో చీలకు రంధ్రము వేసి, కుసిలోని రంధ్రమును సరిగా దాని కెదురుగ గాక, అంగుళములో 16వ వంతు భుజమువైపునకు జరిపి వేయుదురు. కొనతేలిన కొయ్యచీలను కొట్టగానే అది ఆ వంకరత్రోవను పోవుచు కుసిని లోపలికి లాగును. జిగురు లేకున్నను ఆ బిగువు నిలుచును. అమెరికాలో అపలేచియన్ కొండల కుర్చీపనివారు కొయ్య స్వభావమునే తమకు తోడు చేసికొనిరి: బాగుగ ఆరిన అడ్డకఱ్ఱను ఇంకను కొంత తేమగల కాలిలో దిగగొట్టుదురు. కాలు ఆరుచు ముడుచుకొని దానిని పట్టుకొనును.

జిగురు మాటయు చెప్పవలెను. పశుచర్మములను కాచి తీసిన పాతజిగురు వేడికిని తేమకును మెత్తబడును. అది లోపమని తలచువారు కలరు. నేను గుణమే యందును. అతుకు వదులైనపుడు విప్పి, శుభ్రము చేసి, మరల బిగింపవచ్చును.

ఇంత పనియు లోపల దాగియుండుటచే, దానికి కూలి యడిగిన వడ్రంగికి బేరము తప్పిపోవుచున్నది. మేకులు కొట్టి పైన లప్పము రుద్దినవానికి దొరకుచున్నది. కావున కొనునపుడు కుర్చీని తలక్రిందులుగ త్రిప్పి భుజముల సందున గోరు దూరునేమో చూడుడు. మేకులెచ్చట నున్నవో అడుగుడు. నగిషీని ఆ పిదప చూడవచ్చును.