తాత పేరు మనుమడికి



కొరాపుట్, రాయగడ కొండల నడుమ కూర్చుని ఓడల ముచ్చట ఏమిటని మీరు నవ్వవచ్చును. కాని 1936 వరకు ఈ కొండలు విశాఖపట్టణం జిల్లాలోనివే గదా! నేటికీ బైలదిల్లా ఇనుప ఖనిజము కొరాపుట్ మీదుగా రైలులో విశాఖ రేవుకే దిగుతున్నది. పెళ్ళికో, ఆసుపత్రికో మనమూ ఆ దారినే దిగుతుంటాము.

దిగినప్పుడెల్లా పిల్లలను రామకృష్ణా బీచికి తీసుకొనిపోయి కురుసుర జలాంతర్గామిని చూపిస్తాము. 1969లో నౌకాదళములో చేరి, 2001లో సేవ చాలించి, 2002 నుండి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన ఓడ అది. ఒకమారు అందులోనుండి బయటికి వస్తూ మా మనుమడు అడిగినాడు: "తాతా, గాజీ కూడా ఇక్కడే మునిగింది కదా, దాన్ని పైకి తీసి దీని పక్కన పెట్టకూడదా?" అప్పటికి జవాబు తోచక, వేరుసెనగల పొట్లము చేతిలో పెట్టి ఊరకున్నాము. ఆ జవాబు నేడు మీ ముందు చెప్పుకొనవలెనని మా కోరిక.

పాకిస్తాను జలాంతర్గామి గాజీ 1971 నవంబరులో మన విక్రాంత్‌ను వెదకుతూ కరాచీనుండి బయలుదేరినది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ రేవు వెలుపల మునిగినది. ఎట్లు మునిగినదో రెండు దేశములవారు రెండు తీరుల చెప్పుకొంటారు. లోపలనున్న తొంబదిమందికి పైబడిన నావికులలో ఒక్కడూ బ్రతుకలేదన్న మాటలో మాత్రము భేదము లేదు. 2024లో మన నౌకాదళము ఆ శిథిలమున్న చోటును గుర్తించినది. గుర్తించి కూడా, చనిపోయినవారి యెడ గౌరవముతో, దానిని తాకక విడిచిపెట్టినది.

మన ఓడను ముంచవచ్చినవారికి అంత మర్యాద ఎందుకని కొందరు అడుగుదురు. అదే యుద్ధములో, డిసెంబరు 9న, డయ్యూ సమీపమున మన ఖుక్రీ మునిగినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితో పోయినారు. ఓడను విడువని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వారిలో ఒకరు. ఆ ఓడకు ఎవరైనా కొక్కెములు తగిలించి లాగితే మనము ఓర్చుకొందుమా? మనవారికి కోరుకొన్నదే ఎదుటివారికి ఇయ్యవలెను.

అందరూ ఇట్లు తలచుట లేదు. 1942లో జావా సముద్రములో మునిగిన డచ్చి యుద్ధనౌకలను 2016లో చూడబోతే, కొన్ని ఉన్నచోట లేనేలేవు! ఇనుము కోసము దొంగలు కోసుకొనిపోయినారు. ఇనుము విలువ మనకెవరూ చెప్పనక్కరలేదు. కాని ఆ ఇనుములో మనుష్యులున్నారు.

అసలు ఏ ఓడనూ ఎత్తరాదని మా వాదము కాదు. స్వీడనువారు 1628లో మునిగిన వాసా ఓడను 1961లో పైకి తీసి కాపాడుకొన్నారు. దానికై కన్నీరు పెట్టువారు నేడు మిగిలిలేరు. 1912లో దాదాపు 1,500 మందితో మునిగిన టైటానిక్ సంగతి వేరు. అది సుమారు 3,800 మీటర్ల లోతున, రెండు ముక్కలై, 1985లో కనిపించినది. దానిని ఎత్తుట అయ్యే పని కాదు. ఆస్ట్రేలియా ధనికుడొకరు అటువంటిదే క్రొత్తగా కట్టెదనని 2012లో ప్రకటించినారు. అది ఇంకను నీట దిగలేదు. దిగినా తప్పేమున్నది? తాత పేరు మనుమడికి పెట్టుకొనుట మన ఇండ్లలో ఉన్నదే. తాత సమాధి త్రవ్వుట మాత్రము ఏ ఇంటా లేదు.

గాజీ వెదకిన ఆ పాత విక్రాంత్‌ను 2014లో విరుగగొట్టినారు. 2022లో కొచ్చిలో అదే పేరుగల క్రొత్త ఓడ నౌకాదళములో చేరినది. ఓడ పోయినది, పేరు నిలిచినది.

మన పెద్దలు ఈ కొండలకు వచ్చినప్పుడు ఊరిని పెకలించి తేలేదు. పేర్లు తెచ్చుకొన్నారు, మాట తెచ్చుకొన్నారు, ఈ ఉగాది పచ్చడి తెచ్చుకొన్నారు. అవి చాలినవి.

మరల విశాఖ దిగినప్పుడు మనుమడితో ఈ మాట చెబుతాము: "నాయనా, కురుసుర లోపలికి పోయి అంతా తిరిగి చూడు. బయటికి వచ్చినాక, సముద్రము వంక తిరిగి, గాజీ వారి కోసం ఒక్క నిమిషము ఊరకే నిలబడు." వాడి పక్కన మేమూ నిలబడతాము.